అందరూ బాగున్నామన్నారు

పోయిన వారం మనం అరుణజ్యోతిని దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో, వీడియో మీటింగ్ ముగిసిన తెర ముందు వదిలిపెట్టాం. బ్యాగులో కొత్త పాస్‌పోర్టు ఉంది. ఆమె దగ్గరుండి నడిపిన ‘పలకరింపు’ ఫోను పరీక్షకు నాలుగు దేశాల్లోకీ మంచి ఫలితం వచ్చింది. వారానికోసారి ముసలివాళ్ళకు ఫోన్ చేసి, నిద్ర పడుతోందా, కాళ్ళు వాస్తున్నాయా, ఆయాసం వస్తోందా అని వాళ్ళ యాసలోనే అడిగి, ఎవరింటికి నర్సు వెళ్ళాలో, ఎవరింటికి అక్కర్లేదో తేల్చే కృత్రిమ మేధ అది. భారత్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని కొన్ని సంస్థలు కలిసి, ఇలాంటివాటిని తొందరపడి జనం మీదికి వదలకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. ఒక దేశంలో పరీక్షించినదాని గురించి పక్క దేశం మనిషి గుచ్చి గుచ్చి అడగాలి. ఆ మనిషి సరేనన్నాకే మిగిలినవాళ్ళు తీసుకోవాలి. తెలుగు పరీక్షను అలా ప్రశ్నించే వంతు నేపాల్ నర్సు ప్రమీలా గురుంగ్‌కు వచ్చింది. సోమవారం వీడియోలో ఆఖరి చర్చ, వారం చివర కొలంబోలో సంతకాలు.

ప్రమీల అంతా విని, చివర్లో నవ్వుతూనే ఒక మాట అడిగింది. “మీ అమ్మమ్మల్లో ఒక్కరికీ ఏ బాధా లేదా అరుణా? మా ఊళ్ళలో అయితే మోకాళ్ళ నొప్పి గురించి కుక్కకైనా చెప్పుకుంటారు.”

అందరూ నవ్వారు. అరుణజ్యోతీ నవ్వింది. మెట్రో ఎల్బీనగర్ చేరేసరికి ఆమెకు నవ్వు రావడం లేదు.

* * *

ఆదివారం పొద్దున వాళ్ళింట్లో బీరకాయ తొక్కుల మీద గొడవయింది.

బీరకాయలు చెక్కు తీసింది అరుణజ్యోతి భర్త లింగస్వామి. పెద్ద అంబర్‌పేటలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చూసుకునే అతనికి ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు భార్యకు వంటింట్లో సాయం చేస్తాడు. చేసిన సాయాన్ని తల్లి అండాలమ్మ మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకుంటుంది.

“తొక్కులేవిరా?” అంది అండాలమ్మ, గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తూ.

“ఏ తొక్కులమ్మా?”

“బీరకాయ తొక్కులు. పచ్చడి నూరుదామని మిరపకాయలు గూడ వేయించి పెట్టుకున్న.”

“చెత్త ఆటోల పోయినయి.”

“పోయినయా? మంచి లేత తొక్కులు! నన్నొక్క మాట అడగొద్దా?”

“తొక్కులకు గింత లొల్లేందమ్మా? రేపు కిలో బీరకాయలు తెస్త. ఉట్టి తొక్కులే తిను.”

“నాకు తొక్కులు పెట్టి కాయలేం జేస్తవు? చెత్త ఆటోల ఏస్తవా?”

లింగస్వామి నవ్వాడు. అండాలమ్మ కూడా నవ్వేదే. కానీ పోపు వేస్తున్న అరుణజ్యోతి, మంచికే అనుకుని, “పోనీ అత్తమ్మా, నిన్న గూడ పచ్చడే తిన్నవు గద, ఒక్కపూట కారం తగ్గితె మంచిదే,” అంది.

అండాలమ్మ ముఖం మారిపోయింది. “అవ్ బిడ్డా. నా పచ్చడి గూడ ఇగ ఈ ఇంట్ల ఎక్కువైంది,” అని, వాషింగ్ మెషీన్ లోంచి తీసిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని డాబా మీదికి వెళ్ళిపోయింది.

“నువ్వెందుకు మాట్లాడినవు? నన్ను తిట్టి ఊకుంటుండె,” అన్నాడు లింగస్వామి.

అరుణజ్యోతి స్టవ్ కట్టేసి, మరచిపోయిన బట్టల క్లిప్పులు పట్టుకుని వెనకే బయల్దేరింది. క్లిప్పులు ఇచ్చే నెపంతో రెండు మాటలు మాట్లాడితే అత్తగారి కోపం తగ్గుతుందని ఆమెకు అనుభవం.

అండాలమ్మ డాబా దాకా వెళ్ళలేదు. మెట్ల మలుపులో కూర్చుని ఉంది. ఒక చెయ్యి రెయిలింగ్ మీద. నోరు తెరిచి గాలి పీలుస్తోంది. కోడల్ని చూడగానే బుట్టలోంచి చీర ఒకటి తీసి గట్టిగా మెలిపెట్టసాగింది.

“పిండుతున్న బిడ్డా. నీళ్ళు కారుతున్నయని.”

చీర లోంచి ఒక్క చుక్క కూడా రాలడం లేదు. అది మెషీన్‌లో ఆరిపోయినంతగా తిరిగి వచ్చిన చీర.

అరుణజ్యోతి రెండు మెట్లు కింద కూర్చుంది. “ఎన్నాళ్ళ సంది?” అంది.

“ఏంది ఎన్నాళ్ళ సంది?”

“ఆయాసం.”

“ఆయాసం గాదు, కోపం. వాడు తొక్కులు పారేసిండని.”

అరుణజ్యోతి అత్తగారి పాదాన్ని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. “ఏందిది, కాళ్ళు పట్టుకుంటవు, వద్దు,” అని అండాలమ్మ లాక్కోబోయింది. అరుణజ్యోతి చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టి వదిలింది. నొక్కిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. నర్సుల శిక్షణలో ఆమె ఈ గుంటను బొమ్మల్లో చూసింది. ఆ బొమ్మను ముందు పెట్టుకునే, కాళ్ళ వాపు గురించి ఫోను ఎలా అడగాలో తను స్వయంగా రాసింది. చదువుకున్న భాషలో కాదు, ‘చెప్పులు బిగువైతున్నయా పెద్దమ్మా’ అని.

గురువారం సాయంత్రం ఆ ప్రశ్న ఇదే ఇంట్లో మోగింది. అండాలమ్మ స్పీకర్ పెట్టుకుని కూర్చుంటే, పక్కనే అరుణజ్యోతి వెల్లుల్లి ఒలుస్తోంది. ‘లేదు బిడ్డా, మంచిగనే ఉన్నయి’ అంది అండాలమ్మ. మర్నాడు ఆఫీసు తెర మీద ఆమె పేరు పక్కన, నర్సు అక్కర్లేదన్న గుర్తుగా, పచ్చరంగు పడింది. పలకరింపు నల్లగొండ యాసను ఒక్క పొల్లు పోకుండా అర్థం చేసుకుందని అరుణజ్యోతి మురిసిపోయింది.

“గురువారం ఫోన్ల లేదన్నవు గద అత్తమ్మా.”

అండాలమ్మ చీర మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

“నీ పరీక్ష గద బిడ్డా,” అంది చివరికి.

“నా పరీక్షేంది?”

“నువ్వే చెప్పినవు. ఇది పాసైతె నన్ను కొలంబో తోలిస్తరు అత్తమ్మా అని. ఎంత సంబురంగ చెప్పినవు! మేము కూసోని రోగాలన్ని ఏకరువు పెడితె అది ఎట్ల పాసైతది?”

“మేము అంటె? ఇంకెవరు?”

అండాలమ్మ పెదవి కొరుక్కుంది. అప్పుడే కింది పోర్షన్ అన్నమ్మ తడిబట్టల బకెట్‌తో మెట్లెక్కి వస్తూ, ఇద్దరినీ చూసి ఆగిపోయింది. అండాలమ్మకు ఈ కాలనీలో మొదటి స్నేహితురాలు ఆవిడే. ఒకరు గుడికి, ఒకరు చర్చికి వెళ్తారు. తిరిగొచ్చాక ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుంటారు.

“చెప్పేసినవా అక్కా?” అంది అన్నమ్మ.

“నేనేం చెప్పలే. గామెనే కనిపెట్టింది.”

“నేను ముందే అన్న, ఎప్పుడో ఒకనాడు దొరుకుతమని.” అన్నమ్మ బకెట్ దించి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని మెట్టు మీద కూర్చుంది. ఇక దాచి లాభం లేదని తేలాక ఆవిడకు మాటలు ధారాళంగా వచ్చాయి. “అరుణమ్మా, కోపం జెయ్యకు. మేమందరం ఒక మాట మీద ఉన్నం. ఫోన్ రాంగనె మంచిగున్నమనే చెప్పాలె. నాకు రాత్రి అయితె కండ్లు ఆనుతలేవు, అయినా చెప్పలే. సంపులకాడి లక్ష్మమ్మకు బీపీ, చెప్పలే. మట్టయ్య ఒక్కడే, ‘కాళ్ళు గుంజుతున్నయి’ అని మొదలువెట్టిండు. మీ అత్త ఫోన్ గుంజుకోని, ‘మంచిగున్నడు బిడ్డా, గిప్పుడే నడిచొచ్చిండు’ అని చెప్పింది.”

“నువ్వేమన్న తక్కువ తిన్నవా?” అంది అండాలమ్మ. “చర్చిల ప్రార్థన గూడ పెట్టిచ్చింది, అరుణమ్మ మిషను పాస్ గావాలని.”

“పెట్టిచ్చిన. మంచికే గద!”

అరుణజ్యోతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదట్లో ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళకు ఫోన్లు చేస్తే సగం మంది ఎత్తలేదు, ఎత్తినవాళ్ళు బ్యాంకు మోసం అనుకుని తిట్టి పెట్టేశారు. అప్పుడే ఆమె తెలిసినవాళ్ళను తీసుకుంది. కాలనీ వాళ్ళు, చిట్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ చుట్టాలు. వాళ్ళందరినీ కూడగట్టింది అండాలమ్మే. మిగిలిన దేశాల్లో మధ్యలో మానేసినవాళ్ళు ఎందరో. ఇక్కడ ఒక్కరూ మానలేదు. ప్రతి వారం ఫోన్ ఎత్తారు, బిడ్డా బిడ్డా అంటూ ఓపిగ్గా జవాబులు చెప్పారు. అరుణజ్యోతి దాన్ని నివేదికలో గొప్పగా రాసింది. వాళ్ళు మాట్లాడింది యంత్రంతో కాదు, తనతో అని ఆమెకు తట్టనే లేదు.

“అత్తమ్మా, చెప్పులేసుకో,” అంది లేస్తూ. “దవాఖానకు పోదం.”

“ఇయ్యాల ఐతారం.”

“ఐతారమైనా పోదం.”

* * *

కొత్తపేటలోని ఆ చిన్న దవాఖానలో ఆదివారం కూడా డాక్టరమ్మ ఉంది. ఈసీజీ తీసింది, కాళ్ళు చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. గుండె కొంచెం అలసిపోయిందనీ, ఒంట్లో నీరు చేరుతోందనీ, మాత్రలతో అదుపులోకి వస్తుందనీ చెప్పింది. మంగళవారం స్కానింగ్‌కు రమ్మంది. “ఇంకా ఆలస్యం చేసుంటే అడ్మిట్ చేయాల్సి వచ్చేది. ముందే ఎవరికైనా చెప్పాలి కదమ్మా,” అని మందలించింది.

అండాలమ్మ తల ఊపింది. బయటికి వచ్చాక కొడుకుతో, “ఉప్పు తగ్గియ్యమన్నది. పచ్చడి మానుమనలే,” అంది.

లింగస్వామి మాత్రలు కొనుక్కురావడానికి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద అండాలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. “పరేషాన్ గాకు బిడ్డా,” అని రెండుమూడు సార్లు అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపటికి కునుకు పట్టింది.

అరుణజ్యోతి మెల్లగా చెయ్యి విడిపించుకుని, వరండా చివరికి వెళ్ళి తన పై అధికారి ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేసింది. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ సంస్థ పెట్టిన మనిషి. ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన ఆమెను, అనుభవం అడగకుండా ఉద్యోగంలోకి తీసుకున్న మనిషి.

“అయ్యో, ఇప్పుడెలా ఉన్నారండీ? డబ్బుకేమైనా ఇబ్బందా?” అన్నాడు ముందు. అది పైపైన అన్నమాట కాదని ఆమెకు తెలుసు.

జరిగిందంతా చెప్పింది.

“మీ అత్తగారి పేరు ఫలితాల్లోంచి తీసేద్దామండీ. మిగతావాళ్ళు ఉన్నారుగా.”

“మిగతావాళ్ళూ అంతే సార్. అందరూ కూడబలుక్కుని చెప్పారు.”

“అరుణగారూ, నా మాట వినండి. ఈ నాలుగు దేశాలవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టడానికి నేనెంత తిరిగానో మీకు తెలుసు. వీసాలు రావు, అనుమతులు రావు, ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు. ఇప్పుడు మనదే తప్పని చెబితే మళ్ళీ ఎవరూ రారండీ. ముందు సంతకాలు అవ్వనివ్వండి. తర్వాత కొత్తవాళ్ళతో మెల్లిగా సరిచేసుకుందాం.”

“అప్పటిదాకా వాళ్ళు ఇది వాడేస్తారు కదా సార్.”

“కొన్నాళ్ళేనండీ.” గొంతు తగ్గించాడు. “రేపటి మీటింగ్ నేను చూసుకుంటాను. మీరు రావద్దు. అత్తగారి దగ్గర ఉండండి. ఇది కోపంతో అనడం లేదు.”

కోపంతో అని ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

* * *

మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక ప్రమీలకు వీడియో కాల్ చేసింది. ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీయే వాళ్ళ భాష. ప్రమీల ఎండలో చాప మీద ఆవాల ఆకు ఆరబెడుతోంది. వెనక కొండ, కొండ మీద మేఘం.

“మీ గోంగూరను ఇలా ఎండబెట్టడం కుదరదన్నావు కదా. ఇది చూసి కుళ్ళుకో,” అంది.

అరుణజ్యోతి మామూలుగా మాట్లాడాలని చూసింది. “ప్రమీలా, పలకరింపు మీ దగ్గర మొదలయ్యాక పచ్చరంగు పడినవాళ్ళ సంగతి ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను? ఎర్రరంగు పడిన ఇంటికి నడిచి వెళ్తాను. కొన్ని ఇళ్ళకు పొద్దున బయల్దేరితే చేరేసరికి సాయంత్రం. పచ్చ పడిన ఇంటికి ఇక వెళ్ళను. ఉన్నది ఇద్దరు నర్సులం అరుణా. ఇప్పుడు అందరి దగ్గరికీ వెళ్ళాలని బయల్దేరి ఎవరి దగ్గరికీ సమయానికి చేరడం లేదు. అందుకే కదా మీది కావాలని నేనంత పట్టుబట్టింది.”

“అవును.”

“మీ అత్తగారి మీద ప్రమాణం చేసి చెప్పు, అది బాగా వింటుంది కదా?” నవ్వుతూనే అడిగింది. వెంటనే తనే నాలుక కరుచుకుంది. “ఊరికే అన్నాను. కానీ నా ప్రశ్నకు నువ్వింకా జవాబు చెప్పలేదు. నీ జవాబు వినకుండా నేను సరేనని రాయను. అది నా పని.”

“రేపు చెప్తాను,” అంది అరుణజ్యోతి.

ఫోన్ పెట్టేశాక లోపలి గదిలోకి వెళ్ళింది. అండాలమ్మ ఎత్తుగా మూడు దిళ్ళు పెట్టుకుని పడుకుంది. ఈ మధ్య మూడు దిళ్ళు అడుగుతోందని తనకు తెలుసు. మెడ నొప్పేమో అనుకుంది. కొండల మీద, పచ్చరంగు పడిన ఏ ఇంట్లోనో ఒక ముసలామె ఇలాగే దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని, కూతురి కోసమో కోడలి కోసమో బాగున్నానని చెప్పి పడుకుంటుంది. అరుణజ్యోతి దుప్పటి సర్ది, కాసేపు ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుంది.

* * *

చీకటి పడుతూనే అన్నమ్మ గిన్నెడు రాగిజావ తెచ్చింది. “కూసో, తిని పో,” అని అండాలమ్మ పట్టుబట్టింది. నలుగురూ హాల్లో కింద కూర్చున్నారు. బీరకాయ కూరలో ఉప్పు సగమే వేసింది అరుణజ్యోతి. లింగస్వామి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు డబ్బా వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. రెండో ముద్ద కలుపుకున్నాడు.

“ఒక మాట చెప్పాలె,” అంది అరుణజ్యోతి. అన్నం కలుపుతున్న చేతివైపే చూస్తూ చెప్పింది. “రేపు మీటింగ్‌ల నిజం చెప్త. సార్ రావద్దన్నడు, అయినా పోత. మా ఫలితాలు నమ్మొద్దు, సంతకాలు ఆపున్రి అని అడుగుత. కొలంబో ఉండదు. ఉద్యోగం గూడ ఉండకపోవచ్చు.”

లింగస్వామి ముద్ద ఆగింది. భార్య శ్రీలంక పోతోందని అంబర్‌పేట ఆఫీసులో డ్రైవర్లందరికీ చెప్పుకున్నాడు. పోయిన వారమే చక్రాల సూట్‌కేసు కొన్నాడు, ఆమె కంటే ముందు.

“సూట్‌కేసు వాపస్ తీస్కోడు షాపోడు,” అన్నాడు.

“తీస్కోడు.”

“మంచిది. చలికాలం రగ్గులు దాంట్ల పెడ్దం.” గరిటె తీసుకుని ఆమె కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించాడు. “పొద్దటి సంది నువ్వేం తినలే.”

అరుణజ్యోతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అండాలమ్మ మాత్రం కంచం పక్కకు జరిపింది.

“నువ్వు చెప్పొద్దు,” అంది.

“చెప్పకుంటె ఎట్ల అత్తమ్మా? ఆడ—”

“నేను చెప్త.”

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

“నువ్వు చెప్తె నువ్వు మోసం జేసినవంటరు. మోసం జేసింది మేము. గా నేపాల్ పిల్ల అడిగింది ఎవర్ని? అమ్మమ్మలను అడిగింది. అమ్మమ్మలే చెప్పాలె.”

“అత్తమ్మా, జర విను. నువ్వు మాట్లాడితె నీ జబ్బు సంగతి నాలుగు దేశాలోళ్ళు వింటరు, రాసుకుంటరు. నీ పేరు రాకుండ నేను చెప్పగలుగుత. నువ్వు చెప్పాల్నని ఏం లేదు. ఇప్పుడు సరేనని, పొద్దున వద్దనుకున్నా నేనేమనను. ఎవ్వరూ ఏమనొద్దు, అదే మా రూలు.”

“రూలు మంచిగనే ఉంది. నేను వద్దనుకుంటలేను.” అండాలమ్మ కొడుకు వైపు తిరిగింది. “రేపు నన్ను ఆఫీసుకు తీస్కపోతవారా?”

“లారీల తీస్కపోత,” అన్నాడు లింగస్వామి.

“నేనూ ఒస్త అక్కా. నా కండ్ల సంగతి నేనే చెప్పుకుంట,” అంది అన్నమ్మ.

“కానీ ఒక్కటి.” అండాలమ్మ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. “నేను మాట్లాడేటప్పుడు నువ్వు ఆ గదిల ఉండొద్దు.”

“ఎందుకత్తమ్మా?”

“నీ మొఖం కనవడితె నా నోట్లకెల్లి మల్ల మంచిగున్ననే వస్తది. నీ ముందట నాతోని గాదు బిడ్డా. గా పిల్లకు నేనెవరో తెల్వదు, ఆమె ఎవరో నాకు తెల్వదు. ఆమెకైతె అన్ని చెప్త. నా మాట ఆఫీసుల ఎవరన్న హిందీల చెప్తరు.”

“అన్ని అంటె? డాక్టరమ్మకు చెప్పనియి ఇంక ఉన్నయా?”

అండాలమ్మ అన్నమ్మ వైపు చూసింది. అన్నమ్మ తల దించుకుని కంచంలో లేని మెతుకులు ఏరసాగింది.

“రేపు గామెకే చెప్త,” అంది అండాలమ్మ.

(తరువాయి వచ్చే వారం)